ఊరికి అయిదు వాటర్లూలు

అంబులెన్సు కంట్రోల్ రూములో ఆమెను అందరూ లైనమ్మ అంటారు. ఫోనెత్తితే ఆమె మొదటి మాట "చెప్పండి", రెండో మాట "లైన్లో ఉండండి". ఈ రెండు మాటల మధ్య అవతలి మనిషి ఏడుస్తాడు, అరుస్తాడు, దేవుణ్ణి తిడతాడు, అడ్రసు తప్ప మిగతావన్నీ చెబుతాడు. అడ్రసు రాబట్టడమే లైనమ్మ ఉద్యోగం.

అంతకు ముందు ఏడేళ్ళు బస్టాండులో ఎంక్వయిరీ కిటికీ వెనక కూర్చుంది. అక్కడ మాట్లాడే యంత్రం ఒకటి తెచ్చిపెట్టాక కిటికీ మూసేశారు. అంబులెన్సు వాళ్ళకు గొంతు వణకని మనిషి కావలసివచ్చింది. ఈమె గొంతు వణకదు. ఆరు కుర్చీల గదిలో కిటికీ పక్క కుర్చీ ఇచ్చారు. చెవికి పెట్టుకునే ఫోను మీద స్పాంజి చిరిగిపోతే పాత చేతిరుమాలు కత్తిరించి కుట్టుకుంది. గోడ మీద ఊరి పటం ఉంది. వేళ్ళు పెట్టి పెట్టి నది ఉన్నచోట నీలం రంగు అరిగిపోయింది. ఎదురుగా ఎర్రంకెల గడియారం. ఫోనెత్తిన తొంభై సెకన్లలో బండికి కబురు వెళ్ళాలి. తొంభై దాటితే సూపర్‌వైజరు దగ్గుతాడు.

ఉద్యోగంలో చేరిన నాలుగో ఏడు, ఒక మంగళవారం, ఉదయం పదకొండు కావస్తుండగా ఒక పెద్దావిడ ఫోను చేసింది.

"మా ఆయన పడిపోయారమ్మా. మూతి వంకరపోయింది. మాట రావట్లేదు."

"ఎక్కడండీ?"

"ఇంట్లోనే."

"ఇల్లెక్కడండీ?"

"వాటర్లూ."

"దగ్గర్లో గుర్తేమైనా?"

"బేకరీ ఎదురుగా. తొందరగా పంపమ్మా, నీకు పుణ్యముంటుంది."

లైనమ్మ 'వా' అని కొట్టగానే తెర మీద పేర్ల వరుస దిగింది. ఆ వరుసను కంప్యూటరు తన తెలివితో పేరుస్తుంది: ఎక్కడి నుంచి ఎక్కువ ఫోన్లు వస్తాయో ఆ పేరు పైన. పైనున్నది నది అవతల మిల్లు క్వార్టర్సు వాటర్లూ. లైనమ్మ మీట నొక్కింది. అరవై రెండు సెకన్లు. సూపర్‌వైజరు దగ్గలేదు.

మిల్లు క్వార్టర్సులోనూ బేకరీ ఉంది. దాని ఎదురుగా సైకిళ్ళ షాపు ఉంది. స్ట్రెచరు పట్టుకుని ఇద్దరు లోపలికి పరుగెత్తేసరికి షాపతను ట్యూబుకి అతుకు వేస్తూ తలెత్తి, "నాకేమైంది?" అని అడిగాడు. అప్పటికి పదకొండు నిమిషాలు అయిపోయాయి. అసలు ఇల్లు నదికి ఇవతల, పాత వాటర్లూలో ఉంది. బండి వెనక్కి తిరిగి, వంతెన మీద లారీల వెనక నిలబడి, అక్కడికి చేరేసరికి మొత్తం ఇరవై ఆరు నిమిషాలు. ఆ ఇరవై ఆరూ లైనమ్మ ఫోను పెట్టలేదు. పక్కకు తిప్పి పడుకోబెట్టించింది, కాలరు విప్పించింది, నీళ్ళు పట్టబోతే ఆపింది. పెద్దావిడ చివరికి "వచ్చారమ్మా" అని రిసీవరు వదిలేశాక, అది గోడకు కొట్టుకుంటున్న చప్పుడు వింటూ కూర్చుంది.

మనిషి బతికాడు. కుడి చెయ్యీ కాలూ పట్టు తప్పాయి. మాట ముద్దగా వస్తోంది. ముందే వస్తే ఇంత జరిగేది కాదా అంటే డాక్టరు భుజాలెగరేశాడు. చెప్పలేమన్నాడు. ఆ 'చెప్పలేం' కన్నా 'అవును' నయమనిపించింది లైనమ్మకు.

పదిహేను నిమిషాలు దాటితే ఎవరూ ఫిర్యాదు చెయ్యకపోయినా విచారణ వేస్తారు. రెండు నెలల తర్వాతి తేదీ ఇచ్చారు. అప్పటిదాకా ఫోను ముట్టుకోవద్దన్నారు. కింది అంతస్తులో రికార్డుల గదిలో పాత రిజిస్టర్లకు అట్టలు వేసే పని అప్పజెప్పారు. తప్పు తేలితే అట్టల పనే ఖాయం. చాలామంది హాయిగా చేసుకునే పనే అది. కానీ లైనమ్మకు ఆ కుర్చీ కావాలి. తన బతుకులో తనకు బాగా వచ్చిన పని అదొక్కటేనని ఆమె నమ్మకం. ఇప్పుడు ఆ నమ్మకానికే పక్షవాతం వచ్చింది.

మూడో వారం, సెలవు రోజున, బత్తాయిలు పట్టుకుని పాత వాటర్లూ వెళ్ళింది. ఫోను చేసినవాళ్ళ ఇంటికి వెళ్ళకూడదని రూలుంది. రూలు పుస్తకానికి కూడా ఈమధ్య తనే అట్ట వేసింది.

తలుపు తీసిన పెద్దావిడ పైనుంచి కిందికి చూసింది. "ఎవరమ్మా?"

"నేనండీ... ఆ రోజు ఫోన్లో..."

"లైన్లో ఉండండి అన్నది నువ్వేనా?" అంది పెద్దావిడ.  బత్తాయిల సంచి అందుకుని, "లోపలికి రా. ఆయన నీ మీద కారాలు మిరియాలు నూరుతున్నారు. ముందే చెబుతున్నా," అంది.

ఆయన కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని కుడి అరచేతిలో రబ్బరు బంతిని నొక్కే ప్రయత్నంలో ఉన్నాడు. ముప్పై నాలుగేళ్ళు పోస్టుమాన్‌గా చేసి రిటైరైన మనిషి. గోడకు కొక్కేనికి ఖాళీ తోలుసంచి ఇంకా వేలాడుతోంది. ఆమె ఎవరో భార్య చెప్పగానే బంతి ఒళ్ళో పడేసుకున్నాడు.

"ముప్పై... నాలుగేళ్ళు," అన్నాడు. మాటకూ మాటకూ మధ్య మెట్టు ఎక్కుతున్నట్టు ఆగాడు. "ఒక్క ఉత్తరం... తప్పు వాటర్లూకి... ఇవ్వలేదు నేను. నా కోసం వచ్చిన బండినే... తప్పు వాటర్లూకి పంపావు."

లైనమ్మ అక్కడే ఏడ్చేసింది. ఇలాంటి చోట క్షమాగుణం గురించి నాలుగు మంచిమాటలు రాయడం రివాజు. అనవసరం. ఆయన క్షమించలేదు, క్షమించే ఉద్దేశమూ లేదు. చెయ్యి పోయినందుకు కాదు ఆయన కోపం. అడ్రసు తప్పినందుకు. అది వృత్తికి జరిగిన అవమానం.

"ఏడవకు. బేకరీ అని... చెప్పిందెవరు?"

"పిన్నిగారే చెప్పారండీ."

ఆయన భార్య వైపు తిరిగాడు. "బేకరీ ఎదురుగానా? బేకరీ... ప్రతి వాటర్లూలో ఉంది. పోస్టుమాన్ పెళ్ళానివి... సందు నంబరు చెప్పొద్దూ?"

"మీరు నేల మీద పడి గుడ్లు తేలేస్తుంటే సందు నంబరు గుర్తొస్తుందా? అయినా వాటర్లూ అంటే మనదేగా. వేరేది ఉందని ఎవరనుకుంటారు?"

"అదీ," అన్నాడు ఆయన, ఎడమ చేతి వేలు గాల్లోకెత్తి. "అదే జబ్బు. రా, కూర్చో అమ్మాయ్."

అలా మొదలైంది. ప్రతి సెలవు రోజూ లైనమ్మ వచ్చేది. ఆయనకు మాట సాగడానికి రోజూ గంటసేపు గట్టిగా మాట్లాడాలని ఆసుపత్రివాళ్ళు చెప్పారు. ఆయనకు తెలిసిన విషయం ఒకటే. వినడానికి భార్యకు ఓపిక లేదు. "ఈ కథ నాకు కాపురానికి వచ్చిన ఏడాదే అయిపోయింది," అని వంటింట్లోకి వెళ్ళిపోయేది. లైనమ్మ నోటుపుస్తకం తీసేది.

కథ యుద్ధంతో మొదలవుతుంది. రెండు వందల ఏళ్ళకు పైబడిన మాట. బెల్జియంలో ఒక ఆదివారం నాడు ఫ్రాన్సు చక్రవర్తి ఓడిపోయాడు. వేలమంది ఒక్కరోజులో నేలకూలారు. ఆ తర్వాత ఆ పేరు ప్రపంచం మీద పడింది. లండన్‌లో ఒక వంతెనకు పెట్టారు, వంతెన పక్కన కట్టిన స్టేషనుకు పెట్టారు. కెనడాలో ఒక ఊరికి, ఆఫ్రికాలో ఒక ఊరికి, ఇంకా ఎక్కడెక్కడో.

"అసలు సంగతి చెప్పనా?" అన్నాడు ఒకరోజు. ఆ వేళకి వాక్యాలు కాస్త పొడుగ్గా వస్తున్నాయి. "యుద్ధం జరిగింది... వాటర్లూలో కాదు."

"అదేంటి బాబాయ్?"

"కొన్ని మైళ్ళ దూరంలో... పొలాల్లో. వాటర్లూలో జరిగింది... బస. గెలిచిన సేనాపతి అక్కడ దిగాడు. గెలిచానని ఉత్తరం రాశాడు. ఉత్తరం మీద ఊరి పేరు... అది. పేరు పెట్టింది ఫిరంగి కాదు అమ్మాయ్. టపా."

ఈ ముక్క చెప్పేటప్పుడు ఆయన మూతి వంకర పూర్తిగా పోయేది. కనీసం లైనమ్మకు అలా అనిపించేది.

ఈ ఊరికి ఆ పేరు తెచ్చింది ఆ యుద్ధంలో పనిచేసిన సిపాయి ఒకడు. ఒక కాలు లేదు. ఏ పక్షాన పోరాడాడో ఎవరికీ తెలియదు. ఓడినవాడు ఆ పేరు బోర్డు మీద రాయించుకుంటాడా అని కొందరంటారు, ఓడినవాడే మరిచిపోలేడని కొందరంటారు. ఇక్కడ సత్రం పెట్టుకుని, దానికి ఆ పేరు రాయించాడు. సత్రం చుట్టూ సందులు పుట్టాయి. అదీ పాత వాటర్లూ. తర్వాత రైలు వచ్చింది. రెండు మైళ్ళ అవతల, చుట్టుపక్కల ఇంకేమీ లేనిచోట బండి ఆపుతూ దానికి వాటర్లూ హాల్ట్ అని పెట్టారు. హాల్ట్ పక్కన సరుకుల గిడ్డంగులు లేచి వాటర్లూ యార్డు అయ్యాయి. నది అవతల మిల్లు కట్టినప్పుడు ఈ సందుల్లో ఉండే నేతపనివాళ్ళను తరలించారు; వాళ్ళు గిన్నెలూ చెంబులతో పాటు పేరునూ తీసుకెళ్ళారు. మొదట్లో కొత్త వాటర్లూ అనేవాళ్ళు. రెండు తరాలు గడిచేసరికి 'కొత్త' అరిగిపోయింది. చివరిది గుట్ట మీది అపార్ట్‌మెంట్లు, వాటర్లూ హైట్స్. ఆ బిల్డరుకు యుద్ధమూ తెలియదు, సత్రమూ తెలియదు. పేరు గంభీరంగా ఉందనుకున్నాడు. పాతికవేలమంది బంట్లను పోగొట్టుకున్న చక్రవర్తి పరాభవం చివరికి లిఫ్టు ఉన్న ఇళ్ళకు అలంకారమైంది. యుద్ధాల స్మృతిని పదిలపరుస్తామని ఉపన్యాసాలిచ్చేవాళ్ళు ఒకసారి అక్కడి సెక్యూరిటీ గార్డుతో మాట్లాడి రావాలి.

ఆయన పాఠం చెప్పి ఊరుకోలేదు. హోంవర్కు ఇచ్చాడు. అయిదు చోట్లకూ బస్సెక్కి వెళ్ళి, "ఇది ఏ వాటర్లూ?" అని అడిగి రమ్మన్నాడు. లైనమ్మ వెళ్ళింది. మిల్లు క్వార్టర్సులో నీళ్ళు పట్టుకుంటున్న ఒకామె, "ఏ వాటర్లూ ఏంటి, ఉన్నదొక్కటేగా," అంది. యార్డులో హమాలీ ఒకడు నవ్వి, "ఊరికి కొత్తా అక్కా?" అన్నాడు. హైట్స్‌లో గార్డు రిజిస్టరు తోసి ముందు సంతకం పెట్టమన్నాడు. హాల్ట్‌లో టికెట్లిచ్చే ఆయన ఒక్కడే ఆలోచించి, "మీరెక్కడికి వెళ్ళాలో చెప్పండి, ఇది అదో కాదో చెబుతా," అన్నాడు.

"ఏ వాటర్లూ అనడిగితే ఎవరూ చెప్పట్లేదు బాబాయ్. కోపమొస్తోంది వాళ్ళకి."

"రాదా మరి? నీకు ఎంతమంది అమ్మలని... అడిగినట్టుంటుంది. కానీ చూశావా, ఇళ్ళను... వాళ్ళు ఏమని లెక్కపెట్టుకుంటారు?"

లైనమ్మ నోటుపుస్తకం తిరగేసింది. తనే రాసుకున్నది తనకే అప్పుడు కనబడింది. పాత వాటర్లూలో ఇళ్ళు సందుల్లో ఉంటాయి: మూడో సందు, ఏడో సందు. క్వార్టర్సులో లైన్లు. హైట్స్‌లో బ్లాకులు. యార్డులో గేట్లు. హాల్ట్‌లో ఎవరూ కాపురముండరు. అక్కడ నుంచి ఫోను వస్తే ప్లాట్‌ఫారం అంటారు.

"మేం సార్టింగ్ బల్ల దగ్గర... ఒక్క మాట అనుకునేవాళ్ళం," అన్నాడు ఆయన. "సందా, లైనా, బ్లాకా, గేటా? కవరు మీద ఆ ఒక్క మాట ఉంటే... చాలు. ముందున్న వాటర్లూని... చదవను కూడా చదవం."

"నాకెవరూ చెప్పలేదు బాబాయ్."

"నువ్వడగలేదు. మీ ఆఫీసు... అడగలేదు. పోస్టాఫీసు పక్కవీధిలోనేగా ఏడ్చింది."

ఆ నాలుగు మాటలను ఎన్ని సెకన్లలో అడగగలదో ఆయన గోడగడియారం చూస్తూ లెక్కపెట్టాడు. ఆయన భార్య వంటింట్లోంచి రకరకాల గొంతులతో ఫోను చేసినట్టు నటించింది. ఒకసారి తాగినవాడిలా, ఒకసారి కోడల్ని తిడుతూ మధ్యలో రోగాన్ని చెప్పే అత్తగారిలా. అందులో ఆవిడకు నటించాల్సింది పెద్దగా లేదన్నాడు ఆయన. గరిటె గుమ్మం దాకా వచ్చి వెనక్కి వెళ్ళింది.

విచారణ రోజు వచ్చింది. పొడుగాటి బల్ల, నాలుగు కుర్చీలు, గోడకు మెల్లగా తిరిగే ఫ్యాను. విచారణాధికారి చురుకైన మనిషి, వేరే కార్యాలయం నుంచి వచ్చాడు, మధ్యాహ్నానికి ఇంకో రెండు విచారణలున్నాయి. సాక్షిగా పోస్టుమాన్ వస్తున్నాడని ఎవరూ అనుకోలేదు. కర్ర పట్టుకుని, భార్య భుజం మీద రెండో చెయ్యి వేసి, లోపలికి వచ్చాడు. లైనమ్మ కూడా ఎదురుచూడలేదు. రమ్మని ఆమె అడగలేదు. అడగడానికి మొహం చెల్లలేదు.

"మీరు ఫిర్యాదు చేస్తారా?" అన్నాడు అధికారి.

"చేస్తాను," అన్నాడు పోస్టుమాన్. లైనమ్మ తల వంచుకుంది. "ఫిర్యాదు... మీ కాగితం మీద. ప్రాంతం అని ఒక గడి ఉంది. అందులో పేరు రాస్తే... అయిపోతుందనుకున్నారు. ఈ ఊళ్ళో ఆ పేరుతో... అయిదున్నాయి."

"పెద్దాయనా, అడ్రసు కనుక్కోవడం ఆమె బాధ్యత. ఇంకో ప్రశ్న అడిగి ఉండాల్సింది. అవునా కాదా?"

"అవును. అడగాల్సింది. ఏ ప్రశ్న?"

అధికారి కలం మూత తీసి మళ్ళీ పెట్టాడు. "ఏ వాటర్లూ అని."

"సరే," అన్నాడు పోస్టుమాన్. "తమరుండేది... ఎక్కడ?"

"అది ఇక్కడ అప్రస్తుతం."

"చెప్పండి బాబూ, ముసలాణ్ణి."

"వాటర్లూలో," అన్నాడు అధికారి.

"ఏ వాటర్లూ?"

"ఏ వాటర్లూ ఏంటి? వాటర్లూ. అందరికీ తెలిసిందేగా."

 పోస్టుమాన్ మెడ తిప్పి లైనమ్మ వైపు చూశాడు. ఆమెకు అర్థమైంది. చేతులు ఒళ్ళో పెట్టుకుని, రెండు నెలలుగా ఆఫీసులో వాడని గొంతుతో, ఎర్రంకెల గడియారం ఎదురుగా ఉన్నట్టే అడిగింది: "సందా, లైనా, బ్లాకా, గేటా అండీ?"

"బ్లాకు. సి బ్లాకు," అన్నాడు అధికారి.

"హైట్స్. గుట్ట మీద. వెనక గేటు నుంచి రమ్మనాలి, ముందు గేటు దగ్గర బండి తిరగదు," అంది లైనమ్మ.

సూపర్‌వైజరు దగ్గాడు. ఆ దగ్గుకు మొదటిసారి వేరే అర్థముంది. అధికారి కాగితం పక్కకు పెట్టాడు. తర్వాత, నవ్వలేదు గానీ, కుర్చీలో వెనక్కి వాలాడు.

"ముందు గేటు దగ్గర తిరగదా?"

"తిరగదండీ. వెళ్ళి చూసొచ్చాను."

వారం తర్వాత ఉత్తర్వు వచ్చింది. ఆమె ఫైలులో హెచ్చరిక ఒకటి రాశారు, అది ఉండాల్సిందే. ఫారంలో ప్రాంతం కింద కొత్త గడి చేర్చారు. ఆమెను కిటికీ పక్క కుర్చీకి తిరిగి పంపారు. ఎవరూ ఆమెను మెచ్చుకోలేదు. కొత్త గడికి ఎవరు కారణమో ఉత్తర్వులో రాయలేదు. అలాంటివి ఉత్తర్వుల్లో రాసే అలవాటు ఏ ఆఫీసుకూ లేదు.

మొదటి రోజు పగటి షిఫ్టులో క్వార్టర్సు నుంచి ఒక ఫోను వచ్చింది. ఎవరి భార్యకో నొప్పులు ముందుగా మొదలయ్యాయి. సందా లైనా అన్న ప్రశ్నకు ఆ భర్త విసుక్కుని, తిట్టి, జవాబు చెప్పి, బండి చేరగానే ఫోను పెట్టేశాడు. లైనమ్మ ఆ తిట్టును కూడా ప్రసాదంలా తీసుకుంది.

సాయంత్రం బస్సెక్కి పాత వాటర్లూ వెళ్ళింది. ఏం చెప్పాలో దారిపొడుగునా కూడగట్టుకుంది. ఆయన తనకు తిరిగి ఇచ్చింది కుర్చీ ఒక్కటే కాదని, ఆ గడియారం ఎదురుగా కూర్చున్నప్పుడు పాత నమ్మకం కూడా తిరిగొచ్చిందని, తను పోగొట్టిన ఇరవై ఆరు నిమిషాలకు బదులు ఆయన తనకు వారానికి ఒక రోజు చొప్పున ఇచ్చాడని. గుమ్మం దగ్గరే మొదలుపెట్టింది. "బాబాయ్, మీకు నేనెలా..."

"ఎన్ని నిమిషాలు?" అన్నాడు ఆయన.

"తొమ్మిది. నది అవతలికి."

"నేను సైకిలు మీద... ఎనిమిదిలో వెళ్ళేవాణ్ణి."

"వర్షంలో పన్నెండు," అంది భార్య లోపలినుంచి.

లైనమ్మ నవ్వింది, కళ్ళు తుడుచుకుంది, చెప్పాలనుకున్నదంతా మరిచిపోయి ఆయన కుడి చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. ఆ చెయ్యి మెల్లగా, రబ్బరు బంతిని నొక్కినట్టు, ఆమె వేళ్ళను నొక్కింది. పోయిన వారం కన్నా కాస్త గట్టిగానే.

"నోటుపుస్తకం తెచ్చావా?" అన్నాడు ఆయన. "కూర్చో. ఈ ఊళ్ళో స్టేషన్ రోడ్లు... మూడున్నాయి."